మన ముంబై తీరం ఎలా పుట్టింది? లావా, చీలిన నేల, సముద్రం అడుగు



"దక్కన్ పీఠభూమి లావాతో ఏర్పడింది" అని పిల్లలు భూగోళం పాఠంలో చదువుతారు. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వస్తాయి. కానీ ఆ లావా ఎక్కడో లేదు. మనం రోజూ నడిచే రోడ్డు కింద, లోకల్ ట్రైన్ కిటికీలోంచి కనిపించే కొండలో, బాంద్రాలో అలలు కొట్టుకునే నల్లరాళ్లలో ఉన్నది అదే. ఈ మాట పిల్లలు ఇంట్లో చెబితే పెద్దవాళ్లకు వచ్చే మొదటి అనుమానం ఒకటే: "అయితే ముంబై కింద అగ్నిపర్వతం ఉందా? మళ్లీ పేలుతుందా?"

ముందు దానికి సూటిగా జవాబు చెప్పుకుందాం. లేదు, పేలదు. మన దేశంలో ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం అండమాన్ దగ్గర బారెన్ ద్వీపంలో ఉంది. ముంబై దగ్గర లావా పారడం ఆగిపోయి దాదాపు ఆరు కోట్ల ఏళ్లయింది. వజ్రేశ్వరి, గణేశ్‌పురిలో వేడినీళ్ల గుండాలు ఉన్నాయి కదా అంటారేమో. అక్కడ వాననీరు నేల చీలికల్లోంచి బాగా లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, మళ్లీ పైకి వస్తోంది. అది అగ్నిపర్వతం వేడి కాదు. కానీ ఆ చీలికలు ఎలా వచ్చాయన్నదే అసలు కథ. మన నగరం ఉన్నది ఒక ఖండం రెండుగా చీలిన అంచు మీద. ఆ చీలిక గుర్తులు నేల మీదా ఉన్నాయి, అరేబియా సముద్రం అడుగునా ఉన్నాయి. వానాకాలంలో ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో, ఏ కొండ జారుతుందో అనేదాంట్లో కూడా వాటి పాత్ర ఉంది.

కొండలా లేని అగ్నిపర్వతం

అగ్నిపర్వతం అనగానే పిల్లలు శంఖం ఆకారంలో కొండ గీసి, పైన పొగ పెడతారు. దక్కన్ లావా అలా వచ్చింది కాదు. నేల పొడుగ్గా చీలింది. ఆ చీలికల్లోంచి పలచని లావా పొంగి, పాలు పొంగి పొయ్యి మీద పరుచుకున్నట్టు చుట్టూ పరుచుకుంది. ఇలాంటిది చిన్న స్థాయిలో మనుషులు కళ్లారా చూశారు. 1783లో ఐస్‌లాండ్‌లోని లాకి అనే చోట 27 కిలోమీటర్ల పొడుగున నేల చీలి, ఎనిమిది నెలల పాటు లావా పారింది. దక్కన్‌లో జరిగింది దానికి ఎన్నో వేల రెట్లు పెద్దది.

అది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి మాట. లావాలో ఎక్కువ భాగం పది లక్షల ఏళ్ల లోపే బయటికి వచ్చిందని రాళ్ల వయసు లెక్కగట్టిన శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అయితే అది ఆగకుండా పారలేదు. ఒకసారి పారేది, చల్లారేది, వందల వేల ఏళ్లు ఊరుకునేది, మళ్లీ పారేది. ఇప్పటికీ మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాల్లో కలిపి దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల మీద ఈ రాయి ఉంది. పడమటి కనుమల దగ్గర దీని మందం రెండు కిలోమీటర్లు కూడా దాటుతుంది. ఈ నల్లరాయి పేరు బసాల్ట్. ఇది అరిగి మట్టైతే వచ్చేదే మన పెద్దవాళ్లు పత్తి, జొన్న పండించిన నల్లరేగడి.

డైనోసార్లు అంతరించింది కూడా సరిగ్గా ఈ కాలంలోనే. మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర పెద్ద గ్రహశకలం పడటమే ప్రధాన కారణమని ఎక్కువమంది అంటారు. దక్కన్ లావాతో పాటు వచ్చిన వాయువుల పాత్ర ఎంత అన్నదాని మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

రైలు కిటికీలోంచి కనిపించే మెట్లు

ముంబై నుంచి సోలాపూర్, హైదరాబాద్ వైపు వెళ్లే రైళ్లు కర్జత్ దాటాక ఘాట్ ఎక్కుతాయి. ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి బయటికి చూడండి. కొండల పక్కలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక నిటారు గోడ, దాని మీద కాస్త చదును, మళ్లీ గోడ. ఒక్కో మెట్టు లావా పారిన ఒక విడత లేదా కొన్ని విడతలు కలిసినది. స్వీడిష్ భాషలో మెట్లను "ట్రాప్పా" అంటారు. పాఠంలో మీరు చదివే "దక్కన్ ట్రాప్స్" అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే.

రైలు మార్గం కోసం కోసిన చోట్ల రెండు నల్ల పొరల మధ్య ఇటుక రంగు గీత కూడా కనిపిస్తుంది. ఒక విడత లావాకీ ఇంకో విడతకీ మధ్య దొరికిన తీరికలో రాయి పైభాగం, దాని మీద పడ్డ బూడిద మట్టిగా మారాయి. తర్వాత వచ్చిన లావా ఆ మట్టిని కప్పేసింది. ఈ ఎర్ర పొరను గుర్తుపెట్టుకోండి, దీనితో చివర్లో పని ఉంది.

ఆ తీరిక కాలంలో జీవితం కూడా నడిచింది. మనవాళ్లు ఎందరో మిల్లుల కాలం నుంచి ఉంటున్న వర్లిలోనే, లావా పొరల మధ్య ఇరుక్కున్న మెత్తని బురద రాయిలో బుల్లి కప్పల అస్థిపంజరాలు దొరికాయి. బొంబాయి కప్పలను ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1847లోనే వర్ణించాడు. ఇప్పుడు ఆ కప్పను ఇండోబట్రాకస్ అంటున్నారు. అదే రాళ్లలో తాబేలు కూడా దొరికింది. అంటే రెండు లావా పారకాల మధ్య ఇక్కడ మంచినీళ్ల మడుగులు ఉండేవి, వాటి ఒడ్డున కప్పలు అరిచేవి.

ముంబైలో పొరలు ఎందుకు వాలాయి?

ఇక్కడే కథలో ముఖ్యమైన మలుపు ఉంది. మాథేరాన్, మహాబలేశ్వర్ దగ్గర లావా పొరలు దాదాపు అడ్డంగా, టేబుల్ మీద పేర్చిన పుస్తకాల్లా ఉంటాయి. ముంబైకి వచ్చేసరికి అవే రకం పొరలు పడమటికి, అంటే సముద్రం వైపు వాలి ఉంటాయి. పది, పదిహేను డిగ్రీలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పుస్తకాల దొంతర టేబుల్ అంచు దాటి కిందికి వంగినట్టు అన్నమాట.

ఈ వంపు పన్వేల్ పక్కగా ఉత్తర దక్షిణాలుగా వంద కిలోమీటర్లకు పైగా సాగుతుంది. దీన్ని పన్వేల్ వంపు అంటారు. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన జె.బి. ఆడెన్ 1949లో దీని గురించి రాశాడు.

లావా దానంతట అది ఇలా వాలుగా గట్టిపడదు. పలచని లావా నీళ్లలా చదునుగానే పరుచుకుంటుంది. కాబట్టి గట్టిపడ్డాక నేలే వంగింది. ఎందుకు వంగింది? పడమటి వైపు నేల సాగి, పలచబడి, చీలి, కుంగింది కాబట్టి. రొట్టె ముక్కను రెండు చేతులతో మెల్లగా లాగితే మధ్యలో పలచబడి, కిందికి జారి, తర్వాత తెగుతుంది చూడండి. అలా తెగిన అంచే మన కొంకణ్ తీరం. అలీబాగ్, మురుడ్ వైపు వెళితే రాళ్ల మధ్య నిలువుగా గోడల్లా నిలబడ్డ వేరే రాయి పట్టీలు కనిపిస్తాయి. నేల సాగి పగిలినప్పుడు ఆ పగుళ్లలోకి లావా దూరి, అక్కడే గట్టిపడింది.

ముంబై రాళ్లకు ఇంకో ప్రత్యేకత ఉంది. వీటిలో కొన్ని ఘాట్లలోని రాళ్ల కంటే 30 నుంచి 50 లక్షల ఏళ్లు చిన్నవి. అంటే ఘాట్లలో అంతా సద్దుమణిగాక కూడా, చీలుతున్న అంచు దగ్గర లావా ఇంకా వస్తూనే ఉంది. కొన్నిచోట్ల దిండ్లు పేర్చినట్టుండే లావా కూడా కనిపించింది. లావా నీళ్లలోకి వచ్చినప్పుడు పైపొర గబుక్కున గట్టిపడి, లోపలిది ముద్దలు ముద్దలుగా బయటికి నెట్టుకొస్తుంది. ఆ ముద్దలే దిండ్లలా అవుతాయి. నేల కుంగి, నీళ్లు నిలిచిన చోట లావా వచ్చిందనడానికి ఇది సాక్ష్యం.

అవతలి ముక్క ఎక్కడికి పోయింది?

చీలింది అంటే రెండు ముక్కలుండాలి. ఒకటి మనం. రెండోది ఏది?

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు భారతదేశం, సీషెల్స్, మడగాస్కర్ కలిసే ఉండేవి. సుమారు 8 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందట మొదట మడగాస్కర్ విడిపోయింది. ఆ కాలపు గుర్తు కర్ణాటకలో ఉడుపి పక్కన, మల్పె తీరానికి ఎదురుగా ఉన్న సెయింట్ మేరీస్ దీవుల్లో ఉంది. అక్కడ రాళ్లు స్తంభాల్లా, ఎవరో చెక్కి నిలబెట్టినట్టు ఉంటాయి. ఆ రాళ్లది దక్కన్ లావా కంటే రెండు కోట్ల ఏళ్లకు పైగా ఎక్కువ వయసు. అంటే పడమటి తీరం ఒక్కసారిగా తయారైంది కాదు, దక్షిణాన ఒక చీలిక, ఉత్తరాన తర్వాత ఇంకో చీలిక.

దక్కన్ లావా పారిన కొన్ని లక్షల ఏళ్లకు, సుమారు 6 కోట్ల 30 లక్షల ఏళ్ల కిందటి నుంచి, సీషెల్స్ కూడా మన నుంచి విడిపోయింది. ఇప్పుడది ముంబైకి నైరుతిగా మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న దీవులు మామూలుగా లావాతోనో పగడంతోనో తయారవుతాయి. సీషెల్స్‌లోని పెద్ద దీవులు మాత్రం సుమారు 75 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్‌తో ఉన్నాయి. గ్రానైట్ ఖండాల రాయి. సముద్రం మధ్యలో అంత పాత గ్రానైట్ ఉందంటే అది ఏదో ఖండం నుంచి ఊడిన ముక్కే. పైగా అక్కడి సిలువెట్ దీవిలో దక్కన్ లావా కాలం చివర్లో పుట్టిన రాళ్లు కూడా ఉన్నాయి. చిరిగిన కాగితం రెండు ముక్కల మీదా ఒకే సిరా మరక ఉన్నట్టు.

చీలిక మధ్యలో ఏమైంది? ఖాళీ ఉండదు కదా. కింది నుంచి లావా వస్తూ కొత్త నేల తయారైంది. అదే అరేబియా సముద్రం అడుగు. ఆ పని ఇప్పటికీ ఆగలేదు. మన తీరానికి చాలా దూరంలో, నీళ్ల కింద కార్ల్స్‌బర్గ్ శిఖర శ్రేణి అనే పొడవాటి కొండల వరుస ఉంది. దాని మధ్యనున్న లోయలో నేల ఏటా రెండు మూడు సెంటీమీటర్లు విడిపోతూ ఉంటుంది, కొత్త లావా ఆ సందు పూడుస్తూ ఉంటుంది. మన గోళ్లు పెరిగే వేగం కూడా దాదాపు అంతే. అప్పట్లో మన దేశం ఇంకా జోరుగా, ఏటా 15 సెంటీమీటర్లకు పైగా ఉత్తరానికి జరుగుతూ ఉండేది.

ఇంత లావాకు మూలమేమిటి అంటే, ఎక్కువమంది శాస్త్రవేత్తలు రీయూనియన్ దీవి వైపు చూపిస్తారు. అక్కడ భూగర్భంలో ఎప్పటి నుంచో ఒక వేడి చోటు ఉంది, దాని మీదుగా భారతదేశం జరుగుతూ పోయిందని వాళ్లు అంటారు. వెలిగించిన దీపం మీదుగా కాగితాన్ని మెల్లగా జరిపితే మసి గీత పడుతుంది కదా. దక్కన్ తర్వాత లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ కింద ఉన్న లావా శ్రేణి, ఆపైన మారిషస్, చివరికి రీయూనియన్, ఇవన్నీ ఆ గీత మీద చుక్కలు. లక్షద్వీప్‌లో పైకి కనిపించేది పగడం, దాని కింద ఉన్నది పాత లావా. రీయూనియన్‌లోని పితోన్ ద లా ఫూర్నేజ్ ఇప్పటికీ తరచుగా లావా కక్కుతూనే ఉంది. ఈ లెక్క ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. నేల సాగి పలచబడటం వల్లే లావా వచ్చిందని వాళ్ల వాదన.

సముద్రం అడుగున ఏముంది?

జుహూలో నిలబడి పడమటికి చూస్తే నీళ్లే కనిపిస్తాయి. నీళ్లన్నీ తోడేశామనుకోండి. ముందు దాదాపు 300 కిలోమీటర్ల వరకు లోతు తక్కువున్న మైదానం కనిపిస్తుంది. దీన్ని ఖండపు తీరపు అంచు అంటారు. ఆ తర్వాత నేల వాలుగా దిగి, మూడున్నర వేల మీటర్ల లోతుకు వెళుతుంది.

తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, ఈ లోతు తక్కువ మైదానం మీదే బాంబే హై ఉంది. 1974లో సాగర్ సమ్రాట్ అనే డ్రిల్లింగ్ రిగ్గు అక్కడ చమురు కనుక్కుంది. అక్కడ నీటి లోతు 75 మీటర్ల చుట్టుపక్కలే. కింద కుంగిన పాత రాళ్లు, దక్కన్ లావా ఉన్నాయి. వాటి మీద కోట్ల ఏళ్లపాటు సముద్ర జీవుల గుల్లలు పేరుకుని సున్నపురాయి అయింది. ఆ సున్నపురాయి రంధ్రాల్లోనే చమురు ఎక్కువగా దొరుకుతుంది. చుట్టూ కుంగిన పల్లాల్లో పుట్టిన చమురు, మధ్యలో మిట్టగా మిగిలిన చోటికి చేరింది. ఖండం చీలి అంచు కుంగకపోతే ఆ పల్లాలూ ఉండవు, ఆ చమురూ ఉండదు.

ఇంకా పడమటికి వెళితే లక్ష్మీ శ్రేణి, దానికి ఇటువైపు లక్ష్మీ లోయ వస్తాయి. లక్ష్మీ శ్రేణి ఖండపు ముక్కేనని చాలామంది భావిస్తారు. సీషెల్స్‌తో పాటు వెళ్లలేక మన వైపే మిగిలిపోయి మునిగింది. లోయలో మూడు సముద్రపు కొండలున్నాయి. వాటికి రామన్, పణిక్కర్, వాడియా అని మన శాస్త్రవేత్తల పేర్లు పెట్టారు. అవి ఒకప్పటి అగ్నిపర్వతాలు.

2015లో జాయిడెస్ రెసొల్యూషన్ అనే అంతర్జాతీయ పరిశోధక నౌక ఈ లోయలో డ్రిల్లింగ్ చేసింది. దాదాపు 3,500 మీటర్ల నీటి కింద, సముద్రపు అడుగు నుంచి ఇంకో 1,100 మీటర్ల దాకా దిగాక బసాల్ట్ తగిలింది. ఆ రాయి మీదున్న 1,100 మీటర్ల మందం అంతా ఏమిటో తెలుసా? అందులో ఎక్కువ భాగం సింధు నది హిమాలయాల నుంచి మోసుకొచ్చిన మట్టి, ఇసుక. ఇంకో పెద్ద భాగం సుమారు కోటీ ఎనిమిది లక్షల ఏళ్ల కిందట పశ్చిమ తీరపు వాలు ఒక్కసారిగా విరిగి లోతుకు జారిపోయినప్పుడు చేరింది. దీనికి నటరాజ జారుడు అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఇలాంటి తీరాల్లో ఇప్పటి వరకు తెలిసిన అతి పెద్ద జారుళ్లలో ఇదొకటి.

సముద్రం ముందుకు, వెనక్కి

తీరం గీత కూడా ఎప్పుడూ ఒక్కచోట లేదు. సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగంలో ప్రపంచమంతా సముద్ర మట్టం ఇప్పటి కంటే దాదాపు 120 మీటర్లు తక్కువ ఉండేది. అంటే ఈ రోజు బాంబే హై రిగ్గులు నిలబడ్డ చోట అప్పుడు పొడి నేల. మంచు కరిగాక నీళ్లు మళ్లీ పైకొచ్చాయి. 1870లలో ప్రిన్సెస్ డాక్ తవ్వుతున్నప్పుడు నీటి మట్టానికి కింద బురదలో నిలువుగా ఉన్న చెట్ల మొదళ్లు బయటపడ్డాయి. మునిగిపోయిన అడవి అన్నమాట.

లావా మన గోదావరి దాకా వచ్చింది

తీరం అంచు చీలినప్పుడు దాని తూర్పు పక్క ఎత్తుగా మిగిలింది. అవే పడమటి కనుమలు. అందుకే గోదావరి అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టినా, అటు వెళ్లకుండా తూర్పుకు తిరిగి 1,465 కిలోమీటర్లు నడిచి యానాం, అంతర్వేది వైపు బంగాళాఖాతంలో కలుస్తుంది. మహాబలేశ్వర్‌లో పుట్టిన కృష్ణదీ అదే దారి.

నీళ్ల కంటే ముందు అదే వైపు లావా కూడా వెళ్లింది. రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు గట్ల మీదా, కాతేరు, పంగిడి, దుద్దుకూరు చుట్టుపక్కల నల్లరాతి క్వారీలున్నాయి. దక్కన్ లావా అంచుకూ వీటికీ మధ్య వందల కిలోమీటర్ల ఖాళీ ఉంది. అయినా రసాయనాల లెక్కలో, రాతిలో నిలిచిపోయిన అయస్కాంత దిశలో, వయసులో అవి మహాబలేశ్వర్ వైపు లావాతో సరిపోతున్నాయి. కనుమల వైపు పుట్టిన లావా పాత నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని పరిశోధకులు అంటున్నారు. అదే నిజమైతే భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి. కోనసీమలో రాజోలు వైపు చమురు బావులు తవ్వినప్పుడు చాలా లోతున కూడా ఈ నల్లరాయే తగిలింది.

పడమర నుంచి రాయి అటు వెళ్లింది, తూర్పు నుంచి మనుషులు ఇటు వచ్చారు. కామాఠీపురాకు ఆ పేరు రావడానికి కారణమైన కామాఠీలు తెలుగు నేల నుంచి వచ్చిన కూలీలు, కట్టడం పనివాళ్లు. ఈ నగరంలో పాత కట్టడాలు చాలావరకు ఈ అగ్నిశిలలతోనే లేచాయి. రాజాబాయి టవర్‌లో లేత పసుపు కుర్లా రాయి, గేట్‌వే ఆఫ్ ఇండియాలో పసుపు బసాల్ట్ చూడొచ్చు. ఎలిఫెంటా గుహలు చెక్కింది బసాల్ట్‌లోనే.

ఇది ఇంట్లో ఎందుకు తెలియాలి?

ఇప్పటిదాకా చెప్పింది చరిత్ర. దానితో మనకు రోజువారీ పని రెండు చోట్ల పడుతుంది.

మొదటిది వాననీరు. పడమటికి వాలిన పొరల్లో గట్టివి మిట్టలుగా నిలిచాయి, మెత్తనివి అరిగిపోయాయి. అందుకే పాత ముంబై దీవిలో రెండు రాతి వరుసలున్నాయి. పడమట మలబార్ హిల్ నుంచి వర్లి దాకా ఒకటి, తూర్పున డోంగ్రీ, మాజ్‌గావ్, శివ్డీ, ఆంటాప్ హిల్ వరుస ఇంకొకటి. వాటి మధ్య పల్లం. ఆ పల్లంలోకి ఒకప్పుడు సముద్రపు పోటు వచ్చేది. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్టి ఆ నీటిని ఆపారు, తర్వాత మట్టితో పూడ్చారు. పరేల్, దాదర్‌లో హిందమాతా లాంటి చోట్ల నీళ్లు నిలవడానికి మురుగు కాలువలు ఒక్కటే కారణం కాదు. పోటు సమయంలో పెద్ద వాన పడితే నీళ్లకు వెళ్లే దారే ఉండదు. అందుకే వానాకాలంలో పోటు వేళలు చూసుకుని పిల్లల్ని బడికి పంపడం, తీసుకెళ్లడం పెట్టుకోండి.

రెండోది కొండచరియలు. బసాల్ట్ గట్టి రాయే. కానీ పొరల మధ్య ఎర్రమట్టి, బూడిద రాయి నీళ్లు తాగితే మెత్తబడతాయి. పైన మందంగా అరిగిన మట్టి ఉంటే బరువు పెరిగి అది జారుతుంది. 2014 జూలైలో పుణే జిల్లా మాళిణ్‌లో, 2023 జూలైలో రాయగడ్ జిల్లా ఇర్షాల్‌వాడిలో ఊళ్లకు ఊళ్లే మట్టి కింద పడ్డాయి. రెండూ ఈ లావా కొండల పాదాల దగ్గరి ఊళ్లే. కొండ కోసి ఇల్లు కట్టిన చోట ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మన పిల్లల్లోనూ కొండ కింద బస్తీల నుంచి వచ్చేవాళ్లున్నారు. పెద్ద వాన రోజున కొండ నుంచి ఉన్నట్టుండి బురద నీళ్లు రావడం, నేలలో కొత్త పగుళ్లు, చెట్లు స్తంభాలు ఒరగడం, తలుపులు బిగుసుకుపోవడం కనిపిస్తే సామాను కోసం ఆగొద్దు. ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చి పక్కవాళ్లను లేపండి, 1916కి ఫోన్ చేయండి. ముంబై బయట ఉండేవాళ్లు 112కి చేయండి.

పిల్లలూ, ఇవి చూడండి

ప్రాజెక్టు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు.

* గిల్బర్ట్ హిల్, అంధేరీ పడమర: సుమారు 60 మీటర్ల నల్లరాతి స్తంభాల కొండ. చెరువు ఎండితే నేల నెర్రెలిచ్చినట్టు, లావా చల్లారి కుంచించుకుపోయి నిలువుగా పగిలింది. చుట్టూ రాయి కొట్టుకుపోగా, భవనాలు రాగా మిగిలింది ఇదొక్కటే.
* బాంద్రా ఒడ్డు: ఆటు సమయంలో నల్లరాళ్లు బయటపడతాయి. రాయిలో బుడగల్లాంటి చిన్న గుంటలు వెతకండి. లావాలోని గాలి బయటికి పోయిన దారులవి.
* కాన్హేరి గుహలు, బోరివలి: ఇక్కడి రాయిలో ముక్కలు ముక్కలుగా వేరే రాళ్లు అతుక్కుని ఉంటాయి. ఇది పేలుడుతో ఎగిరిన ముక్కలు కలిసి గట్టిపడిన రాయి. మెత్తగా పారిన లావాకూ దీనికీ తేడా రాయండి.
* మెరైన్ డ్రైవ్: అంచున ఉన్న నాలుగు కాళ్ల దిమ్మలు రాళ్లు కావు, సిమెంటువి. వాటిని చూసి మోసపోవద్దు.

ఒంటరిగా వెళ్లొద్దు, పెద్దవాళ్లను తీసుకెళ్లండి. పోటు వేళ చూసుకోకుండా ఒడ్డు రాళ్ల మీదికి దిగొద్దు, వానలో అసలే వద్దు. సుత్తితో రాయి కొట్టొద్దు, ముక్కలు తేవద్దు. వర్లిలో కప్పలు దొరికిన రాళ్లున్న చోట ఇప్పుడు నగరం ఉంది. మిగిలినవైనా మీ తర్వాతి పిల్లలకు ఉండాలి. ఫొటో తీయండి, చోటు పేరు, తేదీ రాయండి. రాతి పొర ఎటు వాలిందో ఫోన్‌లోని దిక్సూచితో చూసి గుర్తు పెట్టండి. పడమటికి వాలి ఉంటే సీషెల్స్ ఎటు వెళ్లిందో మీరే కనుక్కున్నట్టు.

ఈ సెలవుల్లో ఊరికి వెళ్లేవాళ్లు ఘాట్ మెట్లను, గోదావరి జిల్లాలకు వెళ్లేవాళ్లు కాతేరు, పంగిడి నల్లరాయిని ఫొటో తీసుకురండి. రెండిటినీ పక్కపక్కన సైన్సు గది బోర్డు మీద పెడదాం.